అస్మా చెప్పని అనుమానం

కోరుట్ల బస్టాండ్ దగ్గరున్న ఆ రక్తపరీక్షల కేంద్రంలో పొద్దున పూట రద్దీ ఎక్కువ. వచ్చినవాళ్ల పేరు, ఊరు, ఫోన్ నంబరు, చేయాల్సిన పరీక్ష కంప్యూటర్‌లోకి ఎక్కించడం అస్మా పని. డిగ్రీ చదివిన పిల్ల. డేటా మేనేజ్‌మెంట్ నేర్చుకొని పెద్ద ఉద్యోగం చేయాలని ఆమె కోరిక. సిరిసిల్లలో కంప్యూటర్ కోచింగ్ నడిపే సురేందర్ ఒకరోజు ఫేస్‌బుక్‌లో పోస్టు పెట్టాడు: "డేటా రంగంలో ఎదగాలంటే ఈ నిపుణులను తప్పక ఫాలో అవ్వండి." తనకు పాఠం చెప్పిన సార్ మాట కదా అని అస్మా అందరినీ ఫాలో అయింది. కేంద్రం వాట్సాప్ గ్రూపులో కూడా ఆ పోస్టు వేసి, "మంచోళ్లు, మీరు గూడ ఫాలో అవ్వుర్రి" అని రాసింది. మనలో ఈ పని చేయనివారెవరు?

ఆ నిపుణుల్లో ఒకడు సంజీవ్. కోటు, చేతిలో మైకు, లక్షకు పైగా ఫాలోవర్లు. కొద్ది రోజులకే అతను అస్మాకు స్వయంగా మెసేజ్ పెట్టాడు. "సిస్టర్, పుస్తకాలతో ఏమీ రాదు. మీ ఆఫీసులోని అసలు డేటా పంపండి. దాన్ని ఎలా సరిచేయాలో నేర్పిస్తాను. సర్టిఫికెట్ కూడా ఇస్తాను."

అస్మాకు అనుమానం వచ్చింది. అంత పెద్దమనిషికి తనతో ఏం పని? అతని పాత పోస్టులన్నీ తిరగేసింది. ఎక్కడ పనిచేశాడో ఒక్క ముక్క లేదు. అతన్ని పొగిడినవాళ్లంతా ఒకరినొకరు పొగుడుకునేవాళ్లే. సురేందర్‌కు ఫోన్ చేసింది.

"సార్, గా సంజీవ్ మీకు తెలుసా?"

"నాకెట్ల తెలుస్తడమ్మా? అందరు పెడుతున్నరని నేను పెట్టిన. లక్ష మంది ఫాలో అయితున్నరు, ఇంకేం గావాలె?"

ఆ జవాబుతో అనుమానం ఇంకా బలపడింది. అతన్ని బ్లాక్ చేసింది. కానీ ఎవరితోనూ అనలేదు. రుజువు లేకుండా ఒకరి పేరు చెడగొట్టడం ఎందుకు, నా జాగ్రత్తలో నేనుంటే చాలదా అనుకుంది.

నెల దాటాక బుగ్గారం నుంచి నాగవ్వ వచ్చింది. బీడీలు చుట్టి బతికే మనిషి. వస్తూనే అస్మా బల్లను గట్టిగా చరిచింది.

"మా బిడ్డ శారద కడుపుతోని ఉన్నది. నేను గీడ ఇచ్చిన దాని నంబరుకే ఎవడో ఫోన్ జేసి, మీ అమ్మకు క్యాన్సరట, మా మందు వాడుర్రి అన్నడట. శారద గక్కడ్నే కండ్లు తిరిగి పడిపోయింది. జగిత్యాల దవాఖానల ఉంది. నాకు ఏం లేదని రిపోర్టు అచ్చె! క్యాన్సర్ పరీక్ష జేయించుకున్న సంగతి నా పెనిమిటికే చెప్పలె. గీడ కూసున్న నీకే చెప్పిన!"

అందరూ అస్మా వైపు తిరిగారు. యజమాని దామోదర్ రావు గొంతు తగ్గించి, "మన డేటా ఎవలికన్న ఇచ్చినవా?" అని అడిగాడు.

"ఖుదా కసమ్ సార్, నేను ఇయ్యలె."

నమ్మినట్టు ఒక్క మొహం కూడా కనిపించలేదు. అప్పుడు అస్మా కూడా ఒక్కొక్కరినీ అనుమానంగా చూడసాగింది. రక్తం తీసే గణేశ్ గబగబా ఫోన్ జేబులో దాచుకుంటున్నాడు. డేటా అడిగిన సంజీవ్ గుర్తొచ్చి ఆమె అతని దగ్గరికి వెళ్లింది.

"గణేశ్, గా సంజీవ్‌కు ఏమన్న పంపినవా?"

అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. "ప్రాక్టీసుకని అడిగిండక్కా, మన పేషెంట్ల లిస్టు పంపిన. మంచోళ్లని గ్రూపుల నువ్వే పెడితివి గదా!"

అస్మా తనను తాను కాపాడుకుంది. తన మాట నమ్మినవాణ్ని గాలికి వదిలేసింది.

సాయంత్రం ఇంటికి పోయి తల్లి హమీదాబీ ముందు ఏడ్చింది. తల్లి ఓదార్చలేదు. "బావి చూపించింది నువ్వే. అండ్ల పామున్నదని తెలిసినంక నువ్వొక్కదానివే నీళ్లు తోడుడు బంద్ జేసినవ్. చూపించినోళ్లకు చెప్పొద్దా, బేటీ?" అంది.

మర్నాడు దామోదర్ రావు, "పోలీసులెందుకు, సెంటర్ పేరు పోతది" అన్నాడు.

"ఒకని పేరు పోతదని నేను ఊకున్నందుకే గదా సార్ ఇదంత అయింది" అంది అస్మా. ఆయన కారు తాళాలు తీసుకున్నాడు. గణేశ్‌ను వెంటబెట్టుకొని ముగ్గురూ జగిత్యాల పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చారు.

అక్కడి నుంచి అస్మా దవాఖానకు వెళ్లింది. శారద తేరుకుంది, కడుపులో బిడ్డా క్షేమమే. జరిగిందంతా విన్న నాగవ్వ మొహం తిప్పుకుంది. "నిన్ను మల్ల నమ్మాల్నంటే జర టైం వడ్తది" అంది.

అస్మా బయటికొచ్చి సురేందర్‌కు ఫోన్ చేసి సంగతంతా చెప్పింది. ఆయన ఆ పోస్టు తీసేసి, తెలియని మనిషిని తెలిసినట్టు చూపించానని, సంజీవ్‌కు ఎవరూ ఏమీ పంపవద్దని తన పేరుతోనే రాశాడు.

అస్మా కూడా గ్రూపులో రాసింది: "ఫలానా మనిషిని ఫాలో అవ్వండి అంటే ఆ మనిషికి మనం జామీను ఉన్నట్టే. అతని మీద అనుమానం పుట్టిన రోజు, రుజువు కోసం కూర్చోకుండా, ముందు మన మాట నమ్మినవాళ్లకు చెప్పాలి."