రంజాన్ ముందు తనిఖీ

ఆ ఏడు రంజాన్ రోహిణి కార్తెలో పడింది. నరసరావుపేట దర్జీలు ఉమ్మి కూడా మింగకుండా పగలంతా పండగ బట్టలు కుడుతున్నారు. సరిగ్గా అప్పుడే అబ్దుల్ గఫార్ నడిపే కుట్టు శిక్షణ కేంద్రానికి గుర్తింపు తనిఖీ వచ్చిపడింది.

గుర్తింపు కావాలంటే పది మిషన్లు చూపించాలి. గఫార్‌కు ఉన్నవి నాలుగే. మిగతావి వీధిలో దర్జీలను బతిమాలి తెచ్చాడు. "ఆఫీసరు పొద్దున్నే వచ్చి పోతాడు, మధ్యాహ్నానికి మీవి మీకు చేరుస్తా" అన్నాడు.

ఆరోగ్యమ్మ కాన్వెంటు వంటింటి పని ముగించుకుని వచ్చి మిషను ముందు కూర్చుంది. ఏళ్ల తరబడి పొయ్యి ముందు నిలబడి ఆమె కాళ్లు వాచిపోతున్నాయి. అది చూసి పెద్ద సిస్టరు ఒక మాట చెప్పింది. "గుర్తింపు ఉన్నచోటు నుంచి సర్టిఫికెట్టు తెచ్చుకో. బడి తెరిచేనాటికి కుట్టు టీచరు పని నీదే." ఆ మాట పట్టుకుని, నడివయసులో, గుర్తింపు త్వరలోనే వస్తుందన్న గఫార్ మాట మీద ఏడాదిగా ఇక్కడ కుట్టు నేర్చుకుంటోంది.

మధ్యాహ్నం దాటింది. ఆఫీసరు జాడ లేదు. ఆమె ముందున్న మిషను ఆ వీధి దర్జీ కాలేషాది. అతను వచ్చి గుమ్మంలో కూలబడ్డాడు. పెదాలు ఎండి పొరలు లేస్తున్నాయి.

"ఏందక్కా, మీ ఆఫీసరు ఎడ్లబండి మీద వస్తన్నాడా? చొక్కాలన్నీ కత్తిరించి పెట్టా. ఇవాళ ఇవ్వకపోతే జనం నన్ను కుడతారు."

"కూసింత ఓర్చుకో తమ్ముడా. ఇది నా నోటికాడి కూడు."

ఆఫీసరు మూడు దాటాక దిగాడు. సోడా తాగి, మిషన్లు లెక్కపెట్టి, ఆరోగ్యమ్మను జాకెట్టు చెయ్యి కుట్టి చూపించమన్నాడు. ఆమె తొక్కడం మొదలుపెట్టిందో లేదో, కాలేషా ఇక ఆగలేక లోపలికొచ్చాడు.

"అయిందా అక్కా? తీసుకుపోనా?"

ఆఫీసరు తలెత్తాడు. "ఎవరితను? ఏం తీసుకుపోతాడు? ఏమ్మా, ఈ మిషను ఇతనిదా?"

గఫార్ మొహం పాలిపోయింది. ఆరోగ్యమ్మ కాళ్లు ఆగిపోయాయి. అవునంటే ఏడాది కష్టం బూడిద. కాదందామంటే ఎండలో పస్తుండి మిషను ఇచ్చినవాడు ఎదురుగా నిలబడి ఉన్నాడు.

కాలేషా ఆమె వంక చూశాడు. "నాది కాద్సార్. బెల్టు జారతందంటే బాగుచేయను వచ్చా. షాపుకి తీసుకుపోనా అని అడిగా" అన్నాడు. గొంతుక్కూర్చుని, బాగానే ఉన్న బెల్టు ఊడదీసి మళ్లీ తగిలించి, బయటికెళ్లి నిలబడ్డాడు.

ఆఫీసరు తృప్తిపడ్డాడు. "గుర్తింపుకు రాస్తాను. ఈ జూన్‌లో చేరేవాళ్ల నుంచి వర్తిస్తుంది."

"మరి ఇప్పుడు ముగించినోళ్లకి సార్?" అంది ఆరోగ్యమ్మ.

"గుర్తింపు రాకముందు చదివింది లెక్కలోకి రాదమ్మా."

జీపు వెళ్లిపోయాక గఫార్ ఆమె మొహంలోకి చూడలేకపోయాడు. "నాకూ ఇప్పుడే తెలిసిందమ్మా. ఇప్పుడు చదివేవాళ్లకి కూడా వస్తదనుకున్నా. మళ్లీ చేరు. ఫీజు వద్దు."

"ఫీజు సంగతి కాదు సారూ. కాళ్లు."

ఆరోగ్యమ్మ, కాలేషా మిషను చెరోవైపు పట్టుకుని వీధిలోకి దిగారు. ఎండ ఇంకా కాలుస్తూనే ఉంది. నడుస్తూనే కాలేషా అన్నాడు.

"రోజా ఉండి అబద్ధమాడా అక్కా. మా అమ్మీకి తెలిస్తే చంపేసుద్ది. పోనీలే, నీకు సర్టిఫికెట్టు వచ్చిద్దిగా?"

ఆరోగ్యమ్మ మిషను దించి చెయ్యి మార్చుకుంది. ఉన్నది చెబితే అతని అబద్ధం ఊరికే పోయినట్టు. చెప్పకపోతే ఇది తన అబద్ధం.

"వచ్చిద్దిలే" అంది.

షాపులో కత్తిరించిన చొక్కాలు గుట్టగా పడి ఉన్నాయి. కుట్టినవి కొన్ని గుండీల కాజాల కోసం పక్కన వేలాడుతున్నాయి. కాన్వెంటు వంటింట్లో రాత్రి వంటకు వేళవుతోంది. అయినా ఆమె గోడకు ఆనుకుని కాళ్లు చాపింది.

"ఆ కాజాలు ఇటియ్యి. సూది ఏడబెట్టావు?"