వంటింట్లో పెట్టిన స్పీకరు

“వంటింట్లో కూడా ఒకటి పెట్టండి” అని కృష్ణకాంత్ అనేసరికి, దోసె తిరగేస్తున్న పుష్పవతి చేతిలో అట్లకాడ ఆగిపోయింది. ఆ మాట అన్నది తన మొగుడేనా అని హాల్లోకి తొంగిచూసింది. మొగుడే. సోఫాలో కాలు మీద కాలు వేసుకుని, విజయవాడ స్పీకర్ల షోరూమ్ నుంచి వచ్చిన అరవింద్‌కి తాపీగా చెబుతున్నాడు. ఈలోగా పెనం మీద దోసె మాడింది. దోసె మాడ్చడం ఆవిడకి కొత్త కాదుగానీ, సంతోషంతో మాడ్చడం అదే మొదలు.

ఇంతకీ ఆ స్పీకర్లు ఏ పాటల కోసమో ఆ పాటలు పుష్పవతివి. ఆమె తండ్రి రాఘవయ్య ఉంగుటూరులో వ్యవసాయం చేస్తూనే, ఏ ఊళ్లో కచేరీ అన్నా, హరికథ అన్నా టేపురికార్డరు చంకన పెట్టుకుని బస్సెక్కేసే మనిషి. ఆయన పోయాక కొడుకులు పొలం పంచుకున్నారు. క్యాసెట్ల పెట్టెలు మాత్రం ఎవరికీ అక్కర్లేకపోయాయి. కూతురు తెచ్చుకుంది. మధ్యాహ్నం అంట్లు తోమడం అయ్యాక కంప్యూటరు ముందు కూర్చుని, ఒక్కో క్యాసెట్టునూ అది నడిచినంతసేపూ నడిపించి, గరగరలు తీసేసి, ప్రతి పాటకీ పేరూ రాగమూ పాడిన ఊరూ తెలుగులో టైపు చేసి దాచింది. ఏళ్లు పట్టింది. అన్నేళ్లూ కృష్ణకాంత్ “ఆ పాచి టేపులకి కరెంటు దండగ” అంటూనే ఉన్నాడు. ఒకసారి ఇంటికొచ్చిన పెద్దమనిషెవరో నాలుగు పాటలు విని కళ్లు తుడుచుకుని వెళ్లాక, అది “మా కలెక్షన్” అయిపోయింది. చేస్తున్నంతకాలం ఆమె పిచ్చి, చేశాక ఇంటి ఘనత. ఆవకాయ జాడీల దగ్గర్నుంచి ఆ ఇంట్లో లెక్క అదే.

ఏ స్పీకర్లు కొనాలో వెతికింది కూడా ఆవిడే. నెట్‌లో చదివింది, వాళ్లనీ వీళ్లనీ అడిగింది, చివరికి రెండు రకాలు తేల్చింది. అరవింద్ ఆ రెండూ తెచ్చి వాయించి చూపించాడు. మొదటి రకంలో వీణ తీగ మీద వేలు జారిన చప్పుడు కూడా వినిపించింది, ఫోనులో పాటల పేర్లు చక్కగా తెలుగులో కనిపించాయి. రెండో రకంలో పాట ఫరవాలేదు, తెలుగు పేర్లు మాత్రం అక్షరాల బదులు డబ్బాలు డబ్బాలుగా వచ్చాయి. కాకపోతే దానికి మైకు ఉంది. ఎక్కడున్నా సరే, ఫోనులోంచి ఏ గదిలోకి కావాలంటే ఆ గదిలోకి మాట్లాడవచ్చు. కృష్ణకాంత్ దాన్ని పట్టుకుని వదల్లేదు.

“పేర్లు కనపడటం లేదండీ” అంది పుష్పవతి మెల్లగా.

“పాట వినడానికి పేరెందుకే?” అన్నాడు.

దోసెలు వేసి వచ్చి ఇంకా గట్టిగా అడగాలనే అనుకుంది. అంతలో వంటింటి మాట వచ్చింది, ఆవిడ నోరు మూతపడింది. కాపురానికి వచ్చిన కొత్తలో చిన్న రేడియో ఒకటి వంటింట్లో పెట్టుకుంటే, అత్తగారు, ఇప్పుడు లేరు పాపం, “పాట వింటూ వండితే కూరలో ఉప్పు రెండుసార్లు పడుద్దమ్మాయ్” అని తీయించేశారు. అప్పట్నుంచీ పుష్పవతి ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, రెండో చెవి ఇంటికి వదిలేసి వండుతోంది. ఎవరైనా పిలిస్తే వినపడకపోతే ఇంకేమైనా ఉందా! అలాంటిది, అడక్కుండానే, మొగుడు తన వంటింటికి పాట తెప్పిస్తున్నాడు.

ఆయన పైకి చెప్పడు గానీ మనసులో ఉందన్నమాట, అనుకుంది. అలా అనుకోవడానికి ఆవిడకో ఆధారం ఉంది. కృష్ణకాంత్‌ది నూజివీడులో మామిడికాయల కమీషన్ కొట్టు. అక్కడ పెద్ద బేరాలు ఇప్పటికీ నోటితో జరగవు. ఇద్దరి చేతుల మీదా తువ్వాలు కప్పుకుని, దాని కింద వేళ్లు పట్టుకుని ధర చెప్పుకుంటారు. ఎన్ని వేళ్లు పట్టుకుంటే అంత ధర. చుట్టూ నిలబడ్డవాళ్లకి ముక్క తెలియదు. అంత పెద్ద వ్యవహారం మాట లేకుండా చేసే మనిషి, ప్రేమ మాత్రం నోటితో చెబుతాడా, అదీ తువ్వాలు కిందే ఉండి ఉంటుందిలే అని ఆవిడ ఇన్నేళ్లూ సర్దుకుంటూ వచ్చింది. ఈ స్పీకరుతో తువ్వాలు కాస్త పక్కకి తొలిగిందని మురిసిపోయింది.

స్పీకర్లు బిగించారు. మర్నాటి నుంచి వంటింట్లో నాన్న రికార్డు చేసిన కచేరీలు మోగాయి. కూర తరుగుతుంటే వెనక నుంచి రాఘవయ్య దగ్గు కూడా వినపడేది, అది మాత్రం తీసెయ్యలేదు ఆవిడ. సరిగ్గా పాట ఎత్తుకునే చోట పాట గొంతు తగ్గిపోయి, కొట్టు నుంచి కృష్ణకాంత్ గొంతు దిగేది. “పుష్పా, నలుగురికి టీ ఫ్లాస్కులో పంపు.” “పుష్పా, సేట్లొచ్చారు, క్యారేజీలో గారెలు కూడా పెట్టు.” ఒళ్లు మండేది. అయినా పిలుపుకీ పిలుపుకీ మధ్య పాట ఉందిగా అని ఊరుకునేది. ఊరుకోవడమే కాదు, ఎవరూ లేరన్న ధైర్యంతో తనూ గొంతు కలిపేది. పెళ్లయ్యాక గొంతెత్తి పాడటం అదే. అప్పుడప్పుడూ స్పీకరు మీద పచ్చగీత ఒకటి వెలిగేది. పాట మారుతోందేమో అనుకునేది.

ఓ మంగళవారం గారెలు వేస్తుంటే చేతిలో తడి అరిటాకు మూకుడులోకి జారింది. నూనె ఎగిరి మణికట్టు నుంచి మోచేతి దాకా పడింది. “అమ్మా” అని అరిచింది. కుళాయి కింద చెయ్యి పెట్టి, అక్కడే గట్టుకి జారబడి, ఇంట్లో ఎవరూ లేరు కదా అని చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది. తర్వాత లేచి, తడిగుడ్డ చుట్టుకుని, మిగిలిన పిండి ఎడం చేత్తో వేసి క్యారేజీ పంపింది. సాయంత్రం కృష్ణకాంత్ వచ్చి “చేతికేమైంది పుష్పా?” అని అడిగాడు. ఆయన అలా అడగడమే అపురూపం. అరిటాకు తడి దగ్గర్నుంచి మొదలుపెట్టి అంతా చెప్పింది. “అయ్యో” అన్నాడు. ఆ ఒక్క అయ్యోకి మంట సగం చల్లారినట్టనిపించింది ఆవిడకి.

ఆ ఆదివారం చాట్రాయి నుంచి వెంకటకృష్ణారావూ, ఆయన భార్య నాగమణీ భోజనానికి వచ్చారు. వాళ్లకి బంగినపల్లి తోటలున్నాయి, కొత్తిల్లు కట్టుకున్నారు, స్పీకర్లు కొనాలని చూడటానికి వచ్చారు. పుష్పవతి చేతికి కట్టుతోనే వడ్డిస్తోంది.

“ఇది పాటలకే అనుకుంటున్నారేమో” అన్నాడు కృష్ణకాంత్ ముద్ద కలుపుతూ. “దీని అసలు పని వేరే ఉందండీ. కొట్లో కూర్చుని ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఫోనులో నొక్కితే చాలు, మా వంటిల్లు మొత్తం వినపడుద్ది. క్యారేజీ అయిందా లేదా అని అడగక్కర్లా. గిన్నెల చప్పుడు బట్టి తెలిసిపోద్ది. ఈవిడ పాడుద్ది కూడా తెలుసా? మా గుమస్తాకి వినిపించా.”

పుష్పవతి పప్పు గరిటె గిన్నెలోనే వదిలేసింది. ఎవరూ చూడలేదు.

“మొన్న మంగళవారం చూడాలండీ అసలు” ఆయన ఊపందుకున్నాడు. “నాగపూర్ సేటుతో బేరం. తువ్వాలు కింద వాడి మూడు వేళ్లు పట్టుకుని ఉన్నా. ఇంకోటి పట్టుకుందామా, లేచిపోతాడేమో అని తటపటాయిస్తున్నా. సరిగ్గా అప్పుడు చెవిలో అమ్మా అని ఒకటే కేక. ఈవిడే, చేతి మీద నూనె పడిందిలెండి. ఉలిక్కిపడి చెయ్యి బిగిసిపోయింది నాకు, నాలుగో వేలు కూడా పట్టేశా. ఇంత బిగించాడంటే ఇక దిగడనుకున్నాడో ఏంటో, సేటు సరేనన్నాడు.”

“అయితే చెల్లెమ్మ కేక కలిసొచ్చిందన్నమాట” అని వెంకటకృష్ణారావు పకపకా నవ్వాడు.

పుష్పవతికి కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. మెదడు ఒక్కచోటే గిరగిరా తిరుగుతోంది. మరి సాయంత్రం చేతికేమైంది పుష్పా అని అడిగాడే? ఏమీ తెలియనివాడిలా తను చెప్పిందంతా విన్నాడే? అయ్యో అన్నాడే? తనేమో ఆ అయ్యోని తలుచుకుని, చెయ్యి మండుతున్నప్పుడల్లా ఆ మాటనే మందులా రాసుకుంటోంది. కొట్టు నుంచి ఇల్లెంత దూరమని, ఆటో ఎక్కితే అలా వచ్చెయ్యొచ్చు. రాకపోతే పోనీ, రోజూ టీ పంపమనే గొంతు, ఎలా ఉంది పుష్పా అని ఒక్క మాట అడగలేకపోయిందా? ఆయన వింటున్నప్పుడు వెలిగేదన్నమాట ఆ పచ్చగీత, ఆ పూట వెలుగుతూనే ఉంది. తను దాని వైపు చూస్తూనే ఏడ్చింది. ఇప్పుడు గుర్తొస్తోంది.

“నేను ఏడ్వడం కూడా వినపడిందా అండీ?” అని అడిగింది.

“వినపడకపోవడమేంటి? నువ్వు ఆపేదాకా చెవిలోనే ఉంది. చెయ్యి బేరంలో ఉంటే ఎలా తీస్తాను? కాసేపటికి ఆపేశావ్, తగ్గిందిలే అనుకున్నా. క్యారేజీ కూడా టైముకే వచ్చేసింది కదా.” ఇంత చిన్న విషయం ఎందుకు అడుగుతుందో తెలియక, కాస్త మజ్జిగ పొయ్యమన్నాడు.

పుష్పవతి మజ్జిగ పొయ్యలేదు. గిన్నె బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కుని, నాగమణి పక్కన కూర్చుంది. ఆ ఇంట్లో మగవాళ్లు తింటుండగా ఆవిడ కూర్చోవడం ఎవరూ ఎరగరు. కృష్ణకాంత్ తలెత్తి చూశాడు.

నాగమణి నవ్వలేదు. ఇందాకట్నుంచీ పుష్పవతి చేతి కట్టు వైపే చూస్తోంది. మాట మార్చాలన్నట్టు, “మరి మమ్మల్ని ఏది కొనుక్కోమంటావు వదినా?” అంది.

“మైకు లేనిది కొనుక్కో వదినా” అంది పుష్పవతి. “ఎప్పుడైనా అరిచి ఏడిస్తే, పాపం ఎవరికీ వినపడలేదులే, అందుకే రాలేదు అనుకోవచ్చు.”