కళ్ళు మూయని నథానియేల్

మా ఆయన నథానియేల్ ప్రార్థనలో కళ్ళు మూసుకోడు. బీదర్‌లో మా చర్చి అంతటికీ తెలిసిన సంగతే. అయ్యగారు "ప్రార్థన చేద్దాం" అనగానే అందరూ లేచి తలలు వంచుతారు. మగవాళ్ళ వైపు ఈయన తల ఒక్కటే నిటారుగా ఉంటుంది. ఆడవాళ్ళ వైపు నుంచి చూసి నా ఒళ్ళు మండిపోయేది.

"దేవుని ముందట గుడ్లు మిటకరిస్తవేంది, షెకినా డాడీ?" అని ఇంటికొచ్చాక దులిపేదాన్ని.

"నువ్వు కండ్లు మూసుకుంటే నావి నీకెట్ల కనబడ్డయ్?" అని నవ్వేవాడు. షెకినా మా బిడ్డ. అదీ తండ్రితో కలిసి నవ్వేది.

ఆయన పని జనవాడ దారిలోని పప్పు మిల్లులో. కందుల్ని పై అంతస్తుకు మోసే ఎలివేటర్ చూసుకుంటాడు. ఆ మోతలో గొంతు చించుకున్నా లాభం లేదు కాబట్టి మిల్లులో అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. పిడికిలి ఎత్తితే ఆపమని. ఛాతీ మీద అరచెయ్యి పెట్టుకుంటే, నేనింకా లోపలున్నాను, నడపొద్దని. ఇంట్లోనూ అదే వరస. చాయ్ కావాలంటే నోరు విప్పడు, వేళ్ళు పెదవులకు ఆనిస్తాడు. నేను వెనక నుంచి పిలిస్తే పలకడు. మొండిఘటం అనుకునేదాన్ని.

నేను ఒక ప్రైవేటు దవాఖానలో నర్సును. భాల్కి వైపు ఏదో మిల్లులో ఒకతని వేళ్ళు తెగిపోయాయని విని, ఈ మిల్లు సావుకారు జీవరాజ్ పనివాళ్ళందరికీ కళ్ళూ చెవులూ పరీక్ష చేయించాలనుకున్నాడు. మా దవాఖాన నన్ను పంపింది. మిల్లు ఆపిన రోజున, ఆఫీసు గది తలుపులు మూసి, చెవుల పరీక్ష మొదలుపెట్టాను. చెవులకు హెడ్‌ఫోన్ పెడతాం. నేను చేతిలోని చిన్న పెట్టె మీద మీట నొక్కితే అందులో సన్నటి శబ్దం వస్తుంది. వినబడితే చెయ్యెత్తాలి.

మా ఆయన వంతు వచ్చింది. నొక్కిన ప్రతిసారీ టక్కున చెయ్యెత్తాడు. భలే అనుకుంటూ రాయబోయి, ఆయన చూపు ఎక్కడుందో గమనించాను. నా బొటనవేలి మీద ఉంది.

పెట్టెను బల్ల కిందికి దించి నొక్కాను. చెయ్యి లేవలేదు. శబ్దం పెంచాను. లేవలేదు. ఇంకా ఇంకా పెంచాక, అనుమానంగా సగం లేచింది.

"ఎప్పటి సంది?" హెడ్‌ఫోన్ తీసి, ఆయన ముఖానికి ఎదురుగా అడిగాను.

"రెండు మూడేండ్లాయె. రాయకు కెజియా. మిషిన్ మీదికెళ్లి తీసేసి మూటలు కుట్టే కాడ కూసోబెడ్తరు."

"ఎలివేటర్ల గింజలు ఇరుక్కుంటే చెయ్యి లోపల పెట్టి తీస్తవ్ గదా. మల్ల నడిపే ముందు గంట కొడ్తరు. అది ఇనబడ్తదా నీకు?"

"స్విచ్చి కాడ ఉండే అంబాదాస్ చెయ్యూపుతడు. జూస్త."

"అంబాదాస్ రానినాడు?"

నాకు కోపం వస్తుందనుకున్నాను, ఏడుపొచ్చింది. ఆయన కుడిచెయ్యి పట్టుకున్నాను. నేను పొద్దున్నే డ్యూటీకి పోతే షెకినాకు జడలు వేసేది ఆ చెయ్యే.

"నాకు ఈ చెయ్యి గావాలె," అన్నాను. ఉన్నది ఉన్నట్టే రాశాను.

భయపడినట్టే సావుకారు మొదట మూటల మాటే ఎత్తాడు. నేను ఊరుకోలేదు.

"ఒక్క ఈయనను తీసేస్తె అయిపోతదా సావుకారూ? మిషిన్లు నడుస్తుంటె ఆ గంట ఎవలకు ఇనబడ్తది?"

"నాకు సగమే ఇనబడ్తది," అన్నాడు అంబాదాస్ మెల్లగా. పక్కన ఉన్నవాళ్ళూ తలలూపారు.

సావుకారు గంట పక్కన ఎర్ర లైటు పెట్టించాడు. స్విచ్చికి తాళం వచ్చింది. చెయ్యి లోపల పెట్టేవాడు ముందు తాళం వేసి, తాళంచెవి తన జేబులో వేసుకోవాలి, బయటికొచ్చి తనే తియ్యాలి. చెవులకు మూతలు లేకుండా ఎవరూ మిషన్ దగ్గరికి పోకూడదు. ఒక పూటంతా అందరితో అదే చేయించి నేర్పాం. తన మిషన్ తనకే ఉండిపోయిందని తెలిశాక మా ఆయన ఊరికే జేబు తడుముకుంటూ తిరిగాడు. ఆయనకు వినబడేందుకు చెవి మిషన్‌కు కూడా కొలతలిచ్చాం.

అది ఇంకా చేతికి రాకముందే, ఒక సాయంత్రం చాయ్ ఇస్తూ అడిగాను. "ఇప్పుడన్న జెప్పు. ప్రార్థనల కండ్లెందుకు మూసుకోవు?"

"మూసుకుంటె ఆమెన్ ఎప్పుడైందో తెల్వది. నువ్వు డ్యూటీల ఉన్ననాడు ఒకసారి అందరు కూసున్నంక నేనొక్కన్నే నిలబడ్డ. పోరగాండ్లు నవ్విన్రు."

ఆ ఆదివారం నేను మగవాళ్ళ వైపు పోయి ఆయన పక్కన కూర్చున్నాను. ఆడవాళ్ళ వైపు నుంచి దయమ్మక్క నోరు తెరిచి చూసింది. చూస్తే చూడనీ. ప్రార్థనకు లేవగానే ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"మూసుకో. అయిపోంగనే ఒత్తుత."

మూసుకున్నాడు. అయ్యగారి ప్రార్థన ఎప్పటిలాగే పొడుగ్గా సాగింది, నేను మాత్రం విసుక్కోలేదు. ఆమెన్ అనగానే ఒత్తాను. కళ్ళు తెరవలేదు. మళ్ళీ ఒత్తాను. అందరూ కూర్చుంటున్నారు. ఆయన రెండో చెయ్యి మెల్లగా లేచింది, మిల్లులోలాగే అరచెయ్యి ఛాతీ మీద పెట్టుకున్నాడు.

నేనూ కూర్చోలేదు.