వార్తలమ్మ చదివిన ప్రకటన

ముప్ఫై ఒక్క ఏళ్ళు రేడియోలో వార్తలు చదివి రిటైరైన ఆవిడను ఆ వీధిలో ఎవరూ పేరు పెట్టి పిలవరు. పాలవాడి దగ్గర నుంచి ఎదురింటి డాక్టరు దాకా అందరికీ ఆవిడ వార్తలమ్మే. ఆవిడ నోట ఒక మాట వచ్చిందంటే అది జరిగిపోయినట్టే లెక్క. "రేపు వాన పడేట్టుంది" అని మెట్ల మీద మామూలుగా అన్నా సరే, పై వాటా వాళ్ళు ఆరేసిన బట్టలు గబగబా లోపలికి తెచ్చేసుకునేవారు. ఆవిడకు అది కొంచెం నవ్వులాటగానూ, చెప్పొద్దూ, కొంచెం గర్వంగానూ ఉండేది.

ఆవిడ తమ్ముడికి బజారు వీధిలో ఒక రికార్డింగ్ గది ఉంది. గోడలకు పాత స్పాంజి ముక్కలు, ఒక మైకు, ఒక కంప్యూటరు, తలుపు వేస్తే ఊపిరాడని ఉక్క. సబ్బులకీ చెప్పులకీ ప్రకటనలు తయారుచేసి రేడియో వాళ్ళకు ఇస్తుంటాడు. తల్లి పోయేనాటికి వాడికి నాలుగేళ్ళు. అక్కే పెంచింది. ఆవిడ ఇంట్లో వార్తలు సాధన చేస్తుంటే బల్ల కింద కూర్చుని "ముఖ్యాంశాలు మరోసారి" అని అరిచేవాడు. ఇప్పుడు నలభై దాటి బట్టతల వచ్చినా, ఆవిడకు వాడు ఆ బల్ల కింది పిల్లాడే.

ఎన్నికలు వచ్చాయి. తమ్ముడికి ఒక అభ్యర్థి ప్రచారం పని దొరికింది. అంత పెద్ద పని వాడి చేతికి రావడం అదే మొదలు. ఒకరోజు పొద్దున్నే వచ్చి, వంటింటి గుమ్మంలో కూర్చుని, రెండు అరటిపళ్ళు తిని, ఎండల గురించీ కరెంటు గురించీ మాట్లాడి, విషయం మాత్రం చెప్పకుండా నీళ్ళు నమిలాడు.

"ఎందుకొచ్చావో చెప్పరా" అంది అక్క.

"నీ గొంతు కావాలక్కా. ఒక్క నిమిషం చాలు."

కాగితం తెచ్చే ఉన్నాడు. మన ఆసుపత్రిలో వచ్చే నెల నుంచి కంటి విభాగం, శుక్లాల ఆపరేషన్లు ఉచితం, అంతా ఫలానా అభ్యర్థి కృషి అని అందులో ఉంది. ఇది నిజమేనా అని ఆవిడ అడిగింది. గెలిస్తే చేస్తారట అన్నాడు వాడు. ఆ 'గెలిస్తే' అన్న ముక్క కాగితంలో ఎక్కడా లేదని ఆవిడ గమనించకపోలేదు. కానీ వాడి మొహం చూస్తే కాదనబుద్ధి కాలేదు. వెళ్ళి మైకు ముందు కూర్చుంది. మొదటిసారికే, ఒక్క అక్షరం తడబడకుండా చదివేసింది. తమ్ముడు కళ్ళు మూసుకుని విన్నాడు. తర్వాత దానికి ముందు వార్తల సంగీతం లాంటి సంగీతం ఒకటి అతికించాడు.

రేడియోలో అది ఉదయం, సాయంత్రం సరిగ్గా అసలు వార్తలకు ముందు వచ్చేది.

వారం తర్వాత ఆవిడ దిండు గలీబులు కుట్టించుకోవడానికి వీధి చివరి దర్జీ దగ్గరికి వెళ్ళింది. పెద్దాయన సూదిని వెలుతురుకు ఎత్తి పట్టుకుని నాలుగుసార్లు దారం గురిచూశాడు. నాలుగుసార్లూ తప్పింది. ఆవిడే తీసుకుని ఎక్కించి ఇచ్చింది. ఆయనకు పట్నంలో కంటి ఆపరేషన్‌కు తేదీ ఖాయమైందని, తీసుకెళ్ళడానికి కూతురు సెలవు కూడా పెట్టిందని ఆవిడకు తెలుసు.

"గురువారమే కదా ప్రయాణం?" అంది.

"మానేశానమ్మా. అంత దూరం ఎందుకు, వచ్చే నెల ఇక్కడే చేస్తారుగా. మీరే చెప్పారు."

"నేనెప్పుడు చెప్పాను?"

"వార్తల్లో."

అది వార్త కాదని, డబ్బిచ్చి వేయించుకున్న ప్రకటన అని చెప్పింది. దర్జీ ఆవిడేదో హాస్యమాడుతోందన్నట్టు నవ్వాడు. "మీరు చదివాక అది ప్రకటన ఎలా అవుతుందమ్మా?" అన్నాడు.

నచ్చజెప్పేసరికి అరగంట పట్టింది. అక్కడి నుంచే పట్నం ఆసుపత్రికి ఫోన్ చేసింది. అదృష్టం బాగుండి గురువారం చోటు ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. హమ్మయ్య అనుకునేలోపే దర్జీ ఇంకో సంగతి చెప్పాడు: టీ కొట్టతని తల్లి కూడా ఆగిందట, తన బావమరిది కూడానట, ఇంకా ఎవరెవరో కూడానట.

ఆవిడ నేరుగా తమ్ముడి గదికి వెళ్ళింది. ప్రకటన ఆపించమంది. వాడు మొదట బతిమాలాడు, తర్వాత విసుక్కున్నాడు. అందరూ ఇలాగే చేస్తున్నారని, అవతలి పక్షం వాళ్ళవి ఇంతకంటే ఘోరమని అన్నాడు. చివరికి, "అది నేను రాయలేదక్కా, వాళ్ళు రాసిచ్చారు" అన్నాడు.

"రాసింది వాళ్ళే. సంగీతం పెట్టింది నువ్వు. నమ్మించింది నేనురా."

ఆవిడ లేచి రేడియో ఆఫీసుకు బయల్దేరింది.

ఒకప్పుడు ఆవిడ కింద పని నేర్చుకున్నవాడే ఇప్పుడక్కడ అధికారి. లేచి తన కుర్చీ ఆవిడకిచ్చి, టీ తెప్పించాడు. కానీ వార్తల్లో సవరణ చెప్పమంటే తల గోక్కున్నాడు. వచ్చింది ప్రకటనల సమయంలో కాబట్టి వార్తల వాళ్ళకు సంబంధం లేదన్నాడు. పైగా ఎన్నికల వేళ ఎవరో ఒకరు మీద పడతారన్నాడు. కావాలంటే ఒక నిమిషం కొనుక్కుని చెప్పుకోవచ్చన్నాడు.

"అంటే, తప్పు చెప్పినా ప్రకటనే, అది తప్పని చెప్పినా ప్రకటనే అన్నమాట" అంది ఆవిడ, టీ ముట్టకుండా.

బయటికొస్తే వరండా బెంచీ మీద తమ్ముడు కూర్చుని ఉన్నాడు. మొహం మాడ్చుకుని వెనకాలే వచ్చినట్టున్నాడు. తలుపు తెరిచే ఉండడంతో మాటలన్నీ విన్నాడు. ఆవిడ చేతిలోని సంచీ అందుకున్నాడు. ఆ సాయంత్రమే ప్రచారం చూసే పెద్దమనిషి దగ్గరికి వెళ్ళి ప్రకటన వెనక్కి తీసుకున్నాడనీ, ఆ పని మొత్తం చేజారిపోయిందనీ, అప్పటిదాకా ముట్టినది పెట్టి రేడియోలో సమయం కొన్నాడనీ మరదలు చెబితే గానీ ఆవిడకు తెలియలేదు.

ఈసారి సంగీతం లేదు. ఏనాడూ తడబడని మనిషి అయిదుసార్లు తడబడింది. ఆరోసారి చదివింది:

"నమస్కారం. ఇది వార్త కాదు, డబ్బు కట్టి చెబుతున్న మాట. మన ఆసుపత్రిలో కంటి విభాగం గురించి మీరు నా గొంతులో విన్నది ఎన్నికల ప్రకటన. ఆ విభాగం ఇంకా లేదు. గెలిస్తే పెడతామని ఒక అభ్యర్థి అంటున్నారు, అంతే. వైద్యం వాయిదా వేసుకోకండి. ఓటు మీ ఇష్టం. అప్పుడు ఈ మాట చెప్పనందుకు నన్ను క్షమించండి."

కొందరు విన్నారు. టీ కొట్టతను తల్లిని తీసుకుని పట్నం వెళ్ళాడు. కొందరు అసలు వినలేదు. వార్తలమ్మ అవతలి పక్షంలోకి మారిందట అని పాలవాడు నాలుగిళ్ళలో చెప్పాడు. ఆవిడ వాడితో రెండు రోజులు మాట్లాడలేదు, మూడో రోజు మాట్లాడింది.

దర్జీకి ఆపరేషన్ అయింది. కట్టు విప్పే రోజు ఆవిడ కూడా వెళ్ళింది. ఆయన కూతుర్ని చూశాడు, గోడ మీది క్యాలెండర్ చూశాడు, తర్వాత ఈవిడ వైపు తిరిగి చాలాసేపు చూశాడు.

"ఏమీ అనుకోకండమ్మా. మీరు మీ గొంతు కన్నా పదేళ్ళు పెద్దగా ఉన్నారు."

ఆసుపత్రి అని కూడా చూడకుండా ఆవిడ పకపకా నవ్వింది.

పోలింగు రోజున అక్కా తమ్ముడూ దర్జీ ముగ్గురూ ఒకే వరసలో నిలబడ్డారు. ఎవరికి వెయ్యమంటారని దర్జీ గుసగుసగా అడిగితే, తననడగొద్దని ఆవిడ చేతులు జోడించింది. ఆయన లోపలికెళ్ళి ఎంతకీ రాలేదు. పేర్లన్నీ మొదటి నుంచి చివరి దాకా తీరిగ్గా చదువుకుంటున్నాడట, గుమాస్తా రెండుసార్లు దగ్గాడట. బయటికొచ్చాక ఆశ్చర్యంగా అన్నాడు:

"పన్నెండు మంది ఉన్నారమ్మా! రేడియో విని నేను ఇద్దరే అనుకున్నాను."

అక్కా తమ్ముడూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఆ అభ్యర్థే గెలిచారు, అదీ మంచి మెజారిటీతో. ఏడాది తిరక్కుండా ఆసుపత్రిలో కంటి విభాగం అని బోర్డు వెలిసింది. డాక్టరు ఇంకా రాలేదు. తమ్ముడు మళ్ళీ సబ్బుల్లో పడ్డాడు. ఇప్పుడు వాడు చేసే ప్రతిదానికీ ముందు "ఇది ప్రకటన" అన్న రెండు మాటలు తనే చెబుతాడు. వాడిది బొంగురు గొంతు. "నీ గొంతు వింటే అది వార్తని ఎవరూ పొరబడరులేరా" అంటుంది అక్క, వాడి కంచంలో ఇంకో గరిటె అన్నం వడ్డిస్తూ.