ఈ ఏడు ఏ బీట్‌రూట్?

పెళ్ళయిన ముప్పై ఒక్క ఏళ్ళలో మా ఆయన పదిమందిలో నా మీద గొంతు పెంచడం అదే మొదటిసారి. అదీ విత్తనాల కొట్లో. అదీ బీట్‌రూట్ కోసం.

బ్రోకలీ కోసమైతే అర్థం చేసుకునేదాన్ని. మా పెరట్లో నాలుగు మళ్ళున్నాయి. రెండు ఆయనవి, రెండు నావి. ఆయన మళ్ళలో బ్రోకలీ, నా మళ్ళలో బీట్‌రూట్. ఏటా వానలు వెనకపట్టగానే ఇద్దరం కలిసి విత్తనాలకు వెళతాం. ఒక్కటే పెద్ద పువ్వు వేసి చేతులు దులుపుకునే రకం కొనాలా, పెద్ద పువ్వు కోసేశాక కూడా పక్కల నుంచి చిన్న చిన్న పిలకలు వేస్తూ రెండు నెలలు కూరకు అందే రకం కొనాలా అని ఆయన అరగంట తర్జనభర్జన పడతాడు. ప్యాకెట్ వెనక రాసినదంతా చదువుతాడు. చదివి చదివి ఏటా ఆ పిలకల రకమే కొంటాడు. ఆ అరగంటా నేను స్టూలు మీద కూర్చుని కొట్టు నడిపే ఆవిడతో కబుర్లు చెప్పుకుంటాను.

బీట్‌రూట్ అంటే మాత్రం ఆయనకు గిట్టదు. "మట్టిని ఉడకబెట్టి ఉప్పేసినట్టుంటుంది" అని పళ్ళెంలో పక్కకు నెట్టేసేవాడు. అలాంటి మనిషి నాలుగు నెలల నుంచి రెండు పూటలా బీట్‌రూట్ తింటున్నాడు. పెరట్లో పంట ఎప్పుడో అయిపోయినా, బస్సు డ్యూటీ దిగి వస్తూ వస్తూ బజారు నుంచి సంచితో మోసుకొస్తున్నాడు. వయసు మీద పడ్డాక బుద్ధి వచ్చిందనుకుని మురిసిపోయాను.

ఇక్కడ ఆయన జబ్బు సంగతి చెప్పాలి. నాలుగేళ్ళ కిందట ఆయనకు మూత్రంలో రక్తం పడింది. నొప్పి లేదు, మంట లేదు, ఉత్త రంగే. మూత్రాశయంలో గడ్డ అన్నారు. తీసేశారు, మందులు పెట్టారు, తేరుకున్నాడు. ఇది మళ్ళీ రాగల జబ్బు, తొందరగా పట్టుకుంటే భయం లేదు, ఆలస్యం చేస్తేనే ముప్పు అని డాక్టరు చెప్పాడు. ఏడాదికోసారి గొట్టం వేసి చూసే పరీక్ష చేయించుకోవాలి. మధ్యలో ఎప్పుడు ఎరుపు కనిపించినా ఆ రోజే రావాలి. ఆ మాట విన్న రోజు నుంచి నేను ఆయన బాత్‌రూమ్‌లోంచి బయటికి వచ్చినప్పుడల్లా ముందు మొహం చూసేదాన్ని.

కిందటేడు ఒకనాడు ఇంటికి చుట్టాలొస్తే, వాళ్ళ ముందు మొహమాటపడి రెండు గరిటెల బీట్‌రూట్ కూర తిన్నాడు. మర్నాడు పొద్దున్నే మొహం పాలిపోయి వచ్చి గోడ పట్టుకుని నిలబడ్డాడు. కాలికో రకం చెప్పు తొడుక్కుని ఆస్పత్రికి తీసుకుపోయాను. డాక్టరు పరీక్షలన్నీ చేయించి, నవ్వు ఆపుకుంటూ, నిన్న బీట్‌రూట్ గాని తిన్నారా అన్నాడు. కొంతమందికి ఆ రంగు ఒంట్లో ఇమడదట, అలాగే బయటికి వచ్చేస్తుందట. ఈ కథ మా ఆయన డిపోలో చెప్పాడు, వీధిలో చెప్పాడు, చెప్పిన ప్రతిసారీ నా చెప్పుల రంగులు మారాయి. నేనూ కడుపు పట్టుకుని నవ్వాను. ఇలాంటి నవ్వు కూడా ఒక మనిషికి దాక్కునే చోటవుతుందని అప్పుడు తట్టలేదు.

ఇక కొట్లో జరిగింది చెబుతాను. విత్తనాలావిడ బల్ల కింద నుంచి ఒక కొత్త ప్యాకెట్ తీసింది.

"వదినా, ఇది చూడు. పసుపు బీట్‌రూట్. చేతికంటదు, బట్టకంటదు. ఆ మట్టి వాసన కూడా తక్కువే. మొలక కొంచెం తక్కువొస్తుంది, నాలుగు గింజలు ఎక్కువ చల్లుకో."

నా పని డ్రైక్లీనింగ్ షాపులో, మరకలు తీసే బల్ల దగ్గర. ముప్పై ఏళ్ళుగా ఊరి జనం ఒలకబోసుకున్నదంతా నా చేతుల మీదుగానే పోతోంది. బట్టకు అంటని బీట్‌రూట్ అంటే నాకు పండగే కదా. ప్యాకెట్ అందుకోబోయాను.

"అదేం వద్దు," అన్నాడు మా ఆయన. "ఎర్రదే ఇవ్వమ్మా. ఉన్నవాటిల్లో బాగా ముదురు రంగుది. నాలుగు మళ్ళకూ సరిపడా."

"నాలుగా? మరి మీ బ్రోకలీ?"

"ఈ ఏడు బ్రోకలీ లేదు."

నా నోరు ఊరుకుంటుందా? "ఏమండీ, ఉడకబెట్టిన మట్టికి ఇంత గిరాకీ వచ్చిందేంటి?" అన్నాను.

"నా తిండి నా ఇష్టం! ప్రతిదాంట్లో నీ పెత్తనమేంటి?"

కొట్లో ఉన్న ముగ్గురూ ఎరువుల సంచుల వైపు తిరిగి వాటినే శ్రద్ధగా చూడసాగారు. విత్తనాలావిడ రెండు రకాలూ నా సంచిలో వేసి, "ఇంటికెళ్ళి తేల్చుకోండి అన్నయ్యా. వద్దనుకున్నది నాకు తిరిగిచ్చేద్దురుగాని" అంది. ఉన్నమాటంటే ఉలుకెక్కువ అంటారు. అంత ఉలిక్కిపడే మాట నేనేమన్నానా అని ఇంటికొచ్చేదాకా వెతుక్కున్నాను, దొరకలేదు.

మర్నాడు ఆయనది మొదటి బస్సు. లేవడం ఆలస్యమైంది, హడావిడిగా వెళ్ళిపోయాడు. నాకు షాపు సెలవు. బాత్‌రూమ్ కడుగుదామని చీపురు పట్టుకుని వెళితే, తలుపు వెనక బకెట్ చాటున ఆయన తెల్ల పైజామా చుట్ట చుట్టి పెట్టి ఉంది. ఆయన బట్టలు ఆయనే ఉతుక్కుంటున్నాడు కొన్నాళ్ళుగా. "రోజంతా ఊళ్ళోవాళ్ళ బట్టలతోనే నీ ప్రాణం పోతోంది, నావి కూడా ఎందుకు" అన్నాడు. షాపులో ఆ మాట చెప్పుకుని ఎంత గొప్పలు పోయానో.

చుట్ట విప్పాను. ముందువైపు రూపాయి బిళ్ళంత మరక, అంచుల్లో గోధుమ రంగు తిరిగి ఉంది.

బీట్‌రూట్ అనుకున్నాను. ఈయన తిని చేతులు బట్టలకు తుడుచుకోవడం కొత్తేం కాదు. కానీ చేతులు తుడుచుకునే చోటు అది కాదు, ఆ రంగూ అది కాదు. మరకను చూస్తే అదేమిటో తెలుసుకోకుండా చేయి ఊరుకోదు నాకు. ఇంట్లో ఎప్పుడూ ఉండే మరకల మందు, పెరాక్సైడ్ సీసా తెచ్చి ఒక్క చుక్క వేశాను. బీట్‌రూట్ మరకైతే రంగు మెల్లగా వెలిసి ఊరుకుంటుంది. రక్తమైతే పొంగుతుంది.

పొంగింది. తెల్లటి నురగ, చిటపటమంటూ.

ఇంకోవైపు అంచు మీద వేశాను. పొంగింది. సీసా పాడైపోయి ఉంటుందేమో, మందు చెడిపోయి అన్నిటికీ పొంగుతోందేమో అని ఆశపడి, వంటింట్లోకి వెళ్ళి నిన్న మిగిలిన కూరలోంచి ఒక బీట్‌రూట్ ముక్క తీసి, అదే పైజామా కాలి అంచుకు రుద్ది, దాని మీద చుక్క వేశాను. ఏమీ కాలేదు. ముప్పై ఏళ్ళలో నా లెక్క తప్పాలని నేను కోరుకున్నది ఆ ఒక్కసారే.

ముందు భయం వేయలేదు. కోపం వచ్చింది. ఎర్రదే కావాలి, బాగా ముదురుది కావాలి, నాలుగు మళ్ళకూ కావాలి! రోజూ బీట్‌రూట్ తింటే రోజూ ఎరుపే కనిపిస్తుంది. ఎవరైనా అడిగినా నవ్వించే కథ సిద్ధంగా ఉంది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు ఈయన తాగుతుంటే, ఆ పాలు కాచి గిన్నెలో పోసిందాన్ని నేను. నా చేత్తో తరిగాను, నా చేత్తో ఉడికించాను, ఇంకొంచెం వేసుకోండి అని బతిమాలాను. ఏడాది పరీక్షకు రమ్మని ఆస్పత్రి నుంచి ఉత్తరం వస్తే, డ్యూటీ కుదరలేదంటే నమ్మాను. నేల మీదే కూలబడ్డాను. భయం అప్పుడు వచ్చింది.

ఆయన మధ్యాహ్నం మూడింటికి వచ్చాడు. వంటింటి బల్ల మీద విత్తనాల ప్యాకెట్లు రెండూ పెట్టాను. పక్కన పైజామా మడత పెట్టి పెట్టాను. ఆయన ముందు పైజామానే చూశాడు. తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు.

"బీట్‌రూట్ అది," అన్నాడు.

"ఎవరికి చెబుతున్నారు ఆ మాట? మందు వేసి చూశాను. ఒక్కసారి కాదు."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. డ్రైవరు చొక్కా గుండీలు విప్పుకోబోయి మళ్ళీ పెట్టుకున్నాడు.

"రోజూ తింటే ఏది ఏదో నాకే తెలీదు కదా," అన్నాడు. "తెలీకపోతే భయం ఉండదనుకున్నా."

"లేదా మరి?"

"ఉంది."

"మరెందుకండీ ఈ నాటకం?"

"మళ్ళీ ఆ వార్డు, ఆ గొట్టాలు. అదైనా పడతానేమోగాని... పోయినసారి నన్ను లోపలికి తీసుకెళుతుంటే నువ్వు వరండాలో సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నావు చూడు. ఆ మొహం మళ్ళీ చూడలేను నేను."

"నా మొహం సంగతి నేను చూసుకుంటాను. మీరుంటే కదా దాన్ని చూడటానికైనా!" అన్నాను. అరిచాననుకుంటాను. కిటికీ మీది పిట్ట ఎగిరిపోయింది. ఆ తర్వాత ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. ఆయన చూస్తే చూడనీ అనుకున్నాను.

కళ్ళు తుడుచుకున్నాక అడిగాను, "ఎప్పటి నుంచి?"

"ఈమధ్యే. వారం... పది రోజులు."

బీట్‌రూట్ మొదలుపెట్టి నాలుగు నెలలు. నోటి దాకా వచ్చిన మాట మింగేశాను. నాకు అబద్ధం చెబితే చెప్పాడు, బతికి ఉంటే జీవితాంతం దెప్పి పొడవచ్చు. డాక్టరుకు కూడా ఈ వారం లెక్కే చెబితే ఏం చేయాలి? వారం రోజులేగా, వచ్చే నెల రండి అంటే?

"ఈ ఏడు ఈ పెరట్లో ఎర్ర దుంప మొలవదు," అన్నాను. "బజారు నుంచి కూడా రాదు. పసుపుదే వేస్తున్నాను. ఎరుపంటూ కనపడితే అదేంటో మనకు తెలియాలి."

ఆయన ఎప్పుడూ బ్రోకలీ ప్యాకెట్ వెనక చదివినట్టు పసుపు బీట్‌రూట్ ప్యాకెట్ తిప్పి చదివాడు. తర్వాత ఎర్రదాన్ని తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"దీన్ని నేనే తిరిగిచ్చేస్తాలే. ఆవిడ ముందు అరిచింది నేనేగా," అన్నాడు.

నేను ఆస్పత్రి నంబరు కలిపి, ఫోను స్పీకరులో పెట్టి ఆయన ముందుకు తోశాను. నేను మాట్లాడితే నాలుగు నెలలని చెప్పేసేదాన్నే. కానీ మాట్లాడాల్సింది ఆయన. నేను లాగి చెప్పిస్తే మళ్ళీ దాక్కోవడానికి ఇంకో చోటు వెతుక్కుంటాడు. దుంపలన్నీ పీకించగలనుగాని, మనిషి మనసులోంచి ఏం పీకగలను?

లైనులో ఉండమని పాట పెట్టారు. ఆ పాట ఎంతకీ తెగలేదు. ఆయన చూపుడువేలితో బల్ల అంచు గీకుతూ, "పిలకల రకం బ్రోకలీయే తెస్తాను. రెండు మళ్ళకూ," అన్నాడు. నేను ఊఁ అన్నాను. "ఒక్కటే పువ్వు వేసేది మనకెందుకు," అన్నాడు మళ్ళీ. దానికీ ఊఁ అన్నాను.

పాట ఆగింది. ఒక నర్సమ్మాయి పేరు అడిగింది, పాత ఆపరేషన్ తేదీ అడిగింది. గొంతు బట్టి మంచి పిల్లే అనిపించింది.

"రక్తం ఎప్పటి నుంచి పడుతోంది బాబాయ్‌గారూ?"

ఆయన వేలు బల్ల అంచు మీదే ఆగిపోయింది. ఆ అమ్మాయి లైను తెగిందనుకుని హలో హలో అంది. నేను పైజామా మడత మీద చేయి పెట్టుకుని కూర్చున్నాను. పెదవి కదిపినా ఆయన తరఫున నేనే చెప్పేస్తానని పళ్ళు బిగబట్టుకున్నాను.

"నాలుగు నెలలైందమ్మా," అన్నాడు.

అవతల కీబోర్డు చప్పుడు ఆగింది. ఆ అమ్మాయికి సరిగ్గా వినపడలేదో, విన్నది నమ్మలేదో, ఇంకోసారి చెప్పమంది. ఆయన ఫోను వైపు చూడలేదు. బల్ల మీద నా చేయి వెతికి పట్టుకుని, నా మొహంలోకి చూస్తూ గట్టిగా చెప్పాడు.

"నాలుగు నెలలు. మా ఆవిడకు ఇవాళే తెలిసింది."