గోడకు అటూ ఇటూ ఒకే పేరు

దుర్గయ్య ముప్పై మూడేళ్లు డోర్నకల్ జంక్షన్‌లో సిగ్నళ్లు బాగుచేసి రిటైరయ్యాడు. ఎండనక వాననక పట్టాల వెంట తీగలు పట్టుకు తిరిగిన మనిషి కాబట్టి, ఇంట్లో మాత్రం తీగ అనేది కంటికి కనపడొద్దని పట్టుబట్టాడు. ఇంటర్నెట్టు వైఫైదే తెచ్చాడు, ప్రింటరూ వైఫైదే తెచ్చాడు. ప్రింటర్‌ను కంప్యూటర్‌కు కలిపేందుకు పెట్టెలో వచ్చిన ఒక్కగానొక్క తీగకు రెండు మూతులూ కోసి, సెంటర్లో తెలంగాణ దీక్షా శిబిరానికి బ్యానర్ కట్టుకొమ్మని దానం చేశాడు. తీగ గట్టిది. బ్యానర్ ఏ గాలికీ కదల్లేదు.

ఆ తీగ విలువ ఆయనకు బంద్ రోజు పొద్దున తెలిసొచ్చింది.

కూతురు ప్రవళికకు మర్నాడు హనుమకొండలో టీచర్ ఉద్యోగానికి పరీక్ష. హాల్‌టికెట్ ఆ పొద్దునే నెట్‌లోకి వచ్చింది. ఊళ్లో ఒక్క షాపు షట్టరూ లేవలేదు. తెల్లవారుజామున రైలెక్కితే పరీక్ష వేళకు చేరడమే గొప్ప, అక్కడ దుకాణాలు తెరిచేదాకా ఆగే వీలుండదు. పన్నెండు కొడితే కరెంటు పోతుంది, మళ్లీ ఎప్పుడొస్తుందో చెప్పిన మొనగాడు ఇంకా పుట్టలేదు. కాబట్టి ఆ కాగితం పన్నెండులోగా ఇంట్లోనే అచ్చు కావాలి.

అన్నిటికన్నా దుర్గయ్య గుండెలో ముల్లు ఇంకొకటి ఉంది. పోయినసారి ఇదే పరీక్షకు బిడ్డ ఎక్కిన రైలును ఆపినవాళ్లలో ఆయనే ముందున్నాడు. రైల్‌రోకోలో పట్టాల మీద బాసింపట్టు వేసుకొని కూర్చుంటే, ప్రవళిక కిటికీలోంచి "బాపూ, జర లెవ్వే!" అని మొత్తుకుంది. లేవలేదు. ఆ రోజు నుంచి బిడ్డ ముఖంలోకి సూటిగా చూడలేక చస్తున్నాడు. ఈసారి తన వల్ల ఆగొద్దు, అంతే.

ప్రవళిక ముందుగదిలో లాప్‌టాప్ ముందు కూర్చొని నొక్కింది. వెనకగదిలో, బియ్యం డబ్బా మీదున్న ప్రింటర్ ఉలకలేదు, పలకలేదు.

"ఏమైందే బిడ్డా?"

"ప్రింటర్ దొరుకుతలేదంటున్నది బాపు. నెట్ మాత్రం మంచిగనే వస్తున్నది."

దుర్గయ్య వెనకగదికి పోయి చూశాడు. ప్రింటర్ లైటు నీలంగా వెలుగుతోంది, అంటే వైఫైలో ఉన్నట్టే. లాప్‌టాప్‌లోనూ వైఫై గీతలు నిండుగా ఉన్నాయి. రెండిట్లోనూ ఒకే పేరు: జై తెలంగాణ. ఒకే చూరు కింద, ఒకే పేరు చెప్పుకుంటూ, ఒకదాన్నొకటి ఎరగనట్టు కూర్చున్నాయి. తోడికోడళ్లు నయం.

ప్రింటర్ ఆపి మళ్లీ వేశాడు. లాప్‌టాప్ ఆపి వేయించాడు. రూటర్ ఆపి వేశాడు, మళ్లీ ఆపి వేశాడు. "గట్ల ఊకె పీకకు, కాలిపోతది" అని వంటింట్లోంచి భార్య ఎల్లక్క అంటూనే ఉంది. బంద్ రోజు ఇంటిల్లిపాదీ ఇంట్లోనే ఉంటారని ఆమె మిర్చీ బజ్జీలకు పిండి కలుపుతోంది. సిగ్నల్ డిపార్ట్‌మెంటులో చేసినవాడికి వంటింటి నుంచి సలహానా? నాలుగోసారి స్విచ్ వేశాడు. రూటర్ అడాప్టర్ టప్పుమంది, సన్నగా పొగ వచ్చింది.

దుర్గయ్య గబుక్కున ప్లగ్ పీకాడు. ముందుగదిలోంచి ప్రవళిక మాత్రం తాపీగా, "నెట్ ఇంక వస్తనే ఉన్నది బాపు" అంది.

"ఎట్లొస్తదే? మన డబ్బా సచ్చిపోయె గదా!"

అన్నాడు గాని, అనగానే ఆయనలోని రైల్వే మనిషి లేచి కూర్చున్నాడు. ఇంజన్ ఆగినా బండి నడుస్తున్నదంటే ఆ బండి వేరే ఇంజన్‌కు తగిలించి ఉన్నట్టు. ఆయన చూపు లాప్‌టాప్ వెనకున్న గోడ మీద పడింది. గోడకు అవతల, ప్రవళికకు చదువు చెప్పిన సంజీవ సారు ఇల్లు. నాలుగు రోజుల కింద ఇంటర్నెట్ పెట్టే రాంజీ ఆ మిద్దె మీద తిరుగుతుంటే తను చూశాడు కూడా.

రాంజీకి ఫోన్ చేశాడు.

"అవునన్నా, సార్‌కు గూడ పెట్టిన. పేరేం పెట్టాలంటే జై తెలంగాణ పెట్టుమన్నడు. మీరూ గదే అంటిరి. ఊరంత గదే అంటున్నరు. పాస్‌వర్డ్ గూడ అందరికి గదే పెట్టిన, నాకు యాదికుంటదని."

ఒకే లైను మీద పక్కపక్క స్టేషన్లకు ఒకే పేరు పెడితే బండ్లు ఏమయ్యేవో దుర్గయ్యకు తెలుసు. గోడకు దగ్గరున్న లాప్‌టాప్ నాలుగు రోజులుగా సార్ లైనులో నిలబడింది. ప్రింటర్ మాత్రం సొంతింటి లైనులోనే ఉండిపోయింది.

"అయితే ఇంకా అల్కగాయె బాపు," అని ప్రవళిక లేచింది. "ప్రింటర్‌ను గూడ ఈ గోడకాడికి తెస్తే సరి. పేరొక్కటే, పాస్‌వర్డ్ ఒక్కటే. అదే కలుస్తది."

అడగకుండా పక్కింటివాళ్ల లైను వాడుకోవడం దుర్గయ్యకు మనసొప్పలేదు. గడియారం పదిన్నర చూపిస్తుంటే మనసును కాసేపు పక్కన పెట్టాడు. ఇద్దరూ ప్రింటర్ మోసుకొచ్చారు. లైటు మిణుకుమంటుండగానే లాప్‌టాప్‌లో గీతలు మాయమయ్యాయి. అవతల తాళం వేసిన చప్పుడైంది. సంజీవ సారు అలవాటు ప్రకారం కరెంటు మెయిన్ ఆపేసి దీక్షకు బయల్దేరాడు. ఇంట్లో ఇంకెవరూ లేరు, భార్య పుట్టింటికి పోయింది.

పోయి అడిగితే పని అయిపోతుంది. కాని ఆరు నెలలుగా ఆ ఇద్దరికీ మాటల్లేవు.

ఆరు నెలల కింద, రిలే నిరాహార దీక్షలో కూర్చున్న సంజీవ సారు టెంటు వెనక బండి దగ్గర మిర్చి తింటూ దుర్గయ్య కంటపడ్డాడు. కంటపడితే పడ్డాడు, దుర్గయ్య నోట పడకుండా ఉండాల్సింది. "సంజీవ సారు ఆకలికి జై!" అని మైకులో కొట్టాడీయన. శిబిరం గొల్లుమంది. సారు ఒక్క ముక్క చెప్పుకోలేదు, ఆ తర్వాత దుర్గయ్య వైపు చూడనూ లేదు.

దుర్గయ్య చెప్పులేసుకున్నాడు. శిబిరానికి పోయి, అందరి ముందూ, మెడలో దండతో కూర్చున్న సారు ఎదుట నిలబడ్డాడు.

"సార్, జర ఇంటికి రావాలె. మా ప్రవళిక హాల్‌టికెట్ మీ లైను మీద ఆగింది."

సంగతంతా విన్నాడు సంజీవ సారు. "పిల్ల నాకాడ సదువుకున్నది, నేనే వచ్చి కలుపుత. కాని నేను లేస్తే మళ్ల మిర్చిలకు పోయిండంటరు గదా, దుర్గయ్యా?"

"మీ జాగల నేను కూసుంట. మీరొచ్చేదాక మంచినీళ్లు గూడ ముట్ట."

సారు తన మెడలోని దండ తీసి ఆయన మెడలో వేసి వెళ్లాడు. దుర్గయ్య తలపైన, బ్యానర్‌కు కట్టిన ప్రింటర్ తీగ నల్లగా మెరుస్తోంది. దానివైపు చూడకుండా కూర్చున్నాడు.

పదకొండు దాటింది. పదకొండున్నర దాటింది. పన్నెండుకు ఇంకా పది నిమిషాలుందనగా ప్రవళిక పరుగున వచ్చింది. చేతిలో హాల్‌టికెట్. దాని మూలన ఒక నూనె బొటనవేలి ముద్ర.

"వచ్చింది బాపు! కాని సార్‌కు షుగర్ పడిపోయింది. చేతులు వణికినయి, చెమటలు పట్టినయి. అమ్మ నోట్లె చక్కెర పోసి, పొయ్యి మీదున్న మిర్చిలు తినిపించింది. ఇప్పుడు మంచిగనే ఉన్నడు. ఆ రోజు గూడ గిట్లనే అయిందంట బాపు, టెంటు ఎనుక."

"షుగరుంటే మరి దీక్షల ఎందుకు కూసుండుడు?"

"అమ్మ గూడ గదే అడిగింది. షుగరున్నోళ్లకు తెలంగాణ వద్దా అన్నడు."

దుర్గయ్య కాగితం మీది సారు వేలి నూనె మరకను చూశాడు. సరిగ్గా అప్పుడే మైకు పట్టుకున్న శ్యాం అనే కుర్రాడు, "సంజీవ సారేడి? మళ్ల మిర్చి బండికి పోయిండా?" అన్నాడు. శిబిరం నవ్వింది. ఆ హాస్యం నేర్పినవాడు దుర్గయ్యే. లేచి మైకు లాక్కున్నాడు.

"సారు నా బిడ్డ పని మీద పోయిండు. ఆయనకు పానం బాగలేదు, అయినా మనతోని కూసుంటున్నడు. ఆ రోజు తినకుంటే పడిపోయేటోడు. ముప్పై మూడేండ్ల నౌకరిల ఒక్క తప్పు సిగ్నల్ ఇయ్యలే నేను. ఈడ, ఈ మైకుల ఇచ్చిన. తప్పు నాదే."

ఎవరూ నవ్వలేదు. దుర్గయ్య దండ సర్దుకొని మళ్లీ కూర్చున్నాడు, సారు తిరిగొచ్చినా ఆ చోటు ఇవ్వలేదు.

సాయంత్రం ఐదింటికి దీక్ష విరమింపజేయడానికి నిమ్మరసం గ్లాసు పట్టుకొచ్చింది సంజీవ సారే. పొద్దుటి నుంచి ఎండిన గొంతుతో దుర్గయ్య దాన్ని అందుకొని, ఒక్క చుక్క తాగకుండా మళ్లీ ఆయనకే చాపాడు.

"ముందు మీరు తాగుండ్రి సార్."