పొట్ట ఉబ్బించిన గుర్రం

సైకిలే సరిగా తొక్కలేని మనిషికి యాభయ్యో ఏట గుర్రం ఎక్కాలన్న బుద్ధి పుడితే, కట్టుకున్న ఆవిడ ఎవరితో మొరపెట్టుకోవాలి? అందుకే మొదటి పాఠానికి ఆవిడా వెంట వెళ్ళింది.

మాస్టారు జీను వేసి, గుర్రం పొట్ట కింద తోలు పట్టీ బిగించి, “నేనొచ్చేదాకా ఎక్కకండి సార్” అని టోపీ తేవడానికి వెళ్ళాడు. గుర్రం మాత్రం పొట్ట ఉబ్బించుకుని, ఏమీ ఎరగనట్టు గోడవైపు చూస్తోంది. ఆవిడకు అనుమానం వచ్చింది. దర్జీ టేపు తీయగానే ఊపిరి బిగబట్టే మొగుడితో కాపురం చేస్తున్న మనిషికి ఆ మొహం కొత్తా?

“ఏమండీ, ఆగండి. ఇది ఊపిరి బిగబట్టింది. వదిలిందంటే ఆ పట్టీ లూజైపోతుంది.”

“పాలవాడి మీద అనుమానం, పక్కింటావిడ మీద అనుమానం. ఇప్పుడు నోరులేని జీవం దొరికిందా నీకు?” అంటూ ఆయన స్టూలెక్కి, కాలు అవతలికి వేశాడు.

గుర్రం తీరిగ్గా ఊపిరి వదిలింది. జీను పక్కకి జారింది, జీనుతోపాటు ఆయనా జారాడు. ఆవిడ పరుగున వెళ్ళి భుజం ఆనించకపోతే నడుం విరిగేదే.

“అయ్యయ్యో, ఏమైంది సార్?” అంటూ మాస్టారు పరిగెత్తుకొచ్చాడు.

గుర్రం మెడను కావలించుకుని వేలాడుతూ ఆయన అన్నాడు: “ముందు నన్ను దింపండి. మా ఆవిడ చెబుతూనే ఉంది, నేనే వినలేదు. తప్పు నాదే.”